ట్రాక్టరు చిన్నదే, వెనక ఏం తగిలించాలి?

హైదరాబాదులోనో, విశాఖలోనో, చెన్నైలోనో ఏళ్ల తరబడి కష్టపడినవాళ్లు, మిలటరీలో సర్వీసు ముగించుకున్నవాళ్లు సొంతూరికి తిరిగొచ్చి, తాతల నాటి పొలంలో ఒక ఇల్లు, పశువుల శాల, చుట్టూ నాలుగు చెట్లు వేసుకుని స్థిరపడదామనుకోవడం నాకు చాలా సంతోషం కలిగించే విషయం. మన శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి వలస వెళ్లినవాళ్ల లెక్కే ఎప్పుడూ వింటుంటాం. తిరిగొచ్చేవాళ్లు నిలదొక్కుకోవాలంటే మొదటి రెండేళ్ల ఖర్చు జాగ్రత్తగా పెట్టుకోవాలి. ఆ ఖర్చులో ఇంటి తరవాత పెద్దది సాధారణంగా మినీ ట్రాక్టరు, దాని పరికరాలూనూ.

మినీ ట్రాక్టరు అంటే మన దగ్గర 15 నుంచి 30 హార్స్‌పవర్ లోపుది. ఇది కొనేవాళ్లు ఏ రంగు బండి, ఏ కంపెనీ అని నెలల తరబడి ఆలోచిస్తారు. పరికరాల దగ్గరికి వచ్చేసరికి షోరూములో ఏది ఉంటే అది, బండితో కలిపి ఏది ఇస్తామంటే అది తెచ్చేసుకుంటారు. నిజానికి నేల మీద పనిచేసేది వెనక తగిలించిన ఇనుము. బండి దాన్ని మోస్తుంది, లాగుతుంది, తిప్పుతుంది. కాబట్టి ముందు మన నేల, తరవాత ఆ నేలకు కావలసిన పరికరం, ఆ పరికరాన్ని తిప్పగలిగే బండి చివరన. ఈ వరసలో ఆలోచించండి.

ఒక నాలుగెకరాల కమతాన్ని ఊహించుకుందాం. తోటపల్లి కాలువ కిందో, మడ్డువలస కిందో, ఊరి చెరువు కిందో రెండెకరాల పల్లం. పక్కనే ఎకరన్నర గరువు, అందులో కొంత జీడిమామిడి, కొంత చోడి, మొక్కజొన్న. మిగిలిన అరెకరంలో ఇల్లు, శాల, గెత్తం గుంట, కూరపాదులు. శాలలో రెండు గేదెలు. మన జిల్లాల్లో ఇలాంటి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఈ నాలుగెకరాలకు ఏది సొంతంగా కొనాలి, ఏది అద్దెకు తెచ్చుకోవాలి?

నేను చెప్పే సూత్రం ఒక్కటే. వాన ఆగనివ్వని పనికి సొంత పరికరం కావాలి. వారం రోజులు ఆగినా పంట పోని పనికి అద్దె పరికరం చాలు.

మన దగ్గర ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. తక్కువేమీ కాదు. కానీ అది మనకు వీలైనప్పుడు పడదు. జూన్‌లో ఆకుమడి పోస్తాం. జూలైలో చెరువు నిండిందనో, కాలువ వదిలారనో కబురు వస్తుంది. ఆ వారంలో ఊరంతటికీ ఒకేసారి దమ్ము కావాలి. అద్దె ట్రాక్టరు ముందు పదెకరాల మడులకు వెళ్తుంది. గట్లు దాటి, మలుపులు తిరిగి, ఇరవై సెంట్ల మడులు దమ్ము చేయడం పెద్ద బండికి గిట్టదు, అందుకని మన వంతు చివర్న వస్తుంది. ఈలోగా 25, 30 రోజుల్లో నాటవలసిన నారు ముదిరిపోతుంది. ముదురు నారుకు పిలకలు తగ్గుతాయి. ఉభాలు ఆలస్యమైతే కోత వెనక్కి పోతుంది, కోత వెనక్కి పోతే ఆ తరవాత వేసే పెసర, మినుముకు తేమ ఉండదు. ఒక్క వారం జాప్యం రెండు పంటల మీద పడుతుంది. అందుకని పల్లం ఉన్న కుటుంబానికి మొదటి సొంత పరికరం రోటవేటరు అంటాను.

రోటవేటరు ఎంత వెడల్పుది తీసుకోవాలి? బండి శక్తిని బట్టి 15 హార్స్‌పవర్‌కు సుమారు 80 సెంటీమీటర్లు, 18, 20కి మీటరు, 24 దాటితే మీటరూ ఇరవై. దీనితో పాటు ఇంకో కొలత చూడాలి. వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు టేపు పెట్టి కొలవండి. రోటవేటరు అంతకంటే కాస్త వెడల్పుగా ఉండాలి. లేకపోతే టైరు తొక్కిన జాడ తెగకుండా మిగిలి, మడంతా చారలు పడుతుంది. ఆ చారల్లో నాటే అక్కచెల్లెళ్ల వేళ్లకే ఆ సంగతి తెలుస్తుంది. మరీ వెడల్పుది కొంటే బండి ఆపసోపాలు పడుతుంది, డీజిల్ తాగుతుంది.

ఇంజను హార్స్‌పవర్ మొత్తం పరికరానికి చేరదు. వెనక తిరిగే పి.టి.ఓ. షాఫ్టు దగ్గరికి వచ్చేసరికి పది, పదిహేను శాతం తగ్గుతుంది. కొనేటప్పుడు పి.టి.ఓ. హార్స్‌పవర్ ఎంత అని అడగండి. ప్రచార కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఇంజను లెక్క.

బ్లేడ్లలో రకాలున్నాయి. ఎల్ ఆకారం బ్లేడు పొడి నేలకు, మోళ్లు, చెత్త ఉన్న చోటుకు బాగుంటుంది. బంక పల్లంలో మట్టి దానికి పేరుకుంటుంది. అక్కడ సి, జె ఆకారం బ్లేడ్లు మట్టిని విదిలించుకుంటూ పోతాయి. గరప నేలలో బ్లేడ్లు త్వరగా అరిగిపోతాయి కాబట్టి బోరాన్ స్టీలువి అడగండి. ఒక సెట్టు అదనంగా ఇంట్లో పెట్టుకోండి. జూలై నడిమధ్యలో బ్లేడు విరిగితే శ్రీకాకుళమో విజయనగరమో పరుగెత్తి తెచ్చేసరికి రెండు రోజులు పోతాయి.

దమ్ముకు రోటవేటరుతో పాటు ఇనుప చక్రాలు, అంటే కేజ్‌వీల్స్, తప్పనిసరి. మినీ ట్రాక్టరు బరువు 700 నుంచి 900 కిలోలు. 45 హార్స్‌పవర్ బండి రెండు టన్నుల దగ్గరుంటుంది. మన చిత్తడి మడుల్లో చిన్న బండికి ఇదే పెద్ద వరం, తక్కువ దిగబడుతుంది. కానీ తేలిక బండి టైరు త్వరగా జారుతుంది కూడా. ఇనుప చక్రాలు ఆ లోటు తీరుస్తాయి. వాటితో తారురోడ్డు ఎక్కకండి. పొలం గట్టు దగ్గరే తగిలించి, గట్టు దగ్గరే విప్పండి.

ఇప్పుడు గరువు సంగతి. పల్లంలో బాగా పనిచేసింది కదా అని అదే రోటవేటరును గరువు మీదకు ఏటా తోలేవాళ్లు చాలామంది కనిపిస్తారు. నేల పిండిలా అవుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ రోటవేటరు పది, పన్నెండు సెంటీమీటర్ల లోతు వరకే తెగ్గొడుతుంది. సీజను తరవాత సీజను అదే లోతులో తిరిగితే దాని కింద గట్టి పొర ఏర్పడుతుంది. పల్లంలో ఆ పొర నీటిని నిలబెడుతుంది కాబట్టి మంచిదే. గరువులో అదే పొర వానను ఇంకనివ్వదు. నీరు పైపైన కొట్టుకుపోయి గెడ్డలో కలుస్తుంది, పిండైన మట్టిని కూడా తీసుకుపోతుంది. మొక్కజొన్న వేరు కిందికి దిగలేక పక్కకు తిరుగుతుంది. పైరు వాడినప్పుడు ఒక మొక్క పీకి వేరు చూడండి, సంగతి అర్థమవుతుంది.

గరువుకు కావలసింది కల్టివేటరు, మన పాత మాటలో గొర్రు. మినీ ట్రాక్టరుకు అయిదు గొర్రులది సరిపోతుంది. ధర రోటవేటరు కంటే బాగా తక్కువ, గేరుబాక్సు లేదు, బేరింగు లేదు, చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో పడే వానకు రెండు రోజుల్లో వేసవి దుక్కి ముగించాలి. మూడో రోజుకు నేల మళ్లీ బిగుసుకుంటుంది. అదీ ఆగని పనే, అందుకని ఇదీ సొంతంగా ఉండాలి. రాళ్లు, వేళ్లు ఉన్న నేలయితే స్ప్రింగు ఉన్న గొర్రు తీసుకోండి. రాయి తగిలితే గొర్రు వెనక్కి వంగి దాటుకుంటుంది. స్ప్రింగు లేనిదయితే గొర్రు వంకరపోతుంది, లేదా ఆ దెబ్బ బండి లిఫ్టు మీద పడుతుంది. జీడిమామిడి, కొబ్బరి మొదళ్ల దగ్గర లోతుగా దున్నకండి. కొబ్బరికి ఆహారం పీల్చే వేళ్లలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపలే ఉంటాయి. ఆ వలయం వదిలిపెట్టి వరసల మధ్యన మాత్రమే దున్నండి.

పల్లం లేక గరువే ఉన్నవాళ్లు, ఉద్దానంలో తోటలే ఉన్నవాళ్లు రోటవేటరు జోలికి వెళ్లనక్కర్లేదు. కల్టివేటరుతో మొదలుపెట్టండి, మిగిలిన డబ్బు బోరుకో గేదెకో పెట్టండి.

మూడోది ట్రాలీ. ఇల్లు, శాల కట్టుకుంటున్న ఏడాది ఇటుక, ఇసుక, సిమెంటు మోయాలి. ఆ తరవాత ఏటా గెత్తం పొలానికి చేర్చాలి, గడ్డి ఇంటికి తేవాలి, ధాన్యం కల్లం నుంచి కదల్చాలి. కొత్తగా ఊళ్లో స్థిరపడేవాళ్లకు దీని ఉపయోగం అంచనాకు అందనంత. అయితే ఎంత పెద్దదయితే అంత మంచిదనుకోవద్దు. 20 హార్స్‌పవర్ లోపు బండికి టన్ను, టన్నున్నర మోసే ట్రాలీ చాలు. లాగడం సమస్య కాదు, ఆపడం సమస్య. 800 కిలోల బండి వెనక రెండు టన్నుల బరువుతో గెడ్డ వాలు దిగుతుంటే ట్రాలీయే బండిని నెడుతుంది. దిగేముందే చిన్న గేరులో పెట్టుకోవాలి, మధ్యలో క్లచ్ తొక్కకూడదు. ట్రాలీలో మనుషులను ఎక్కించకండి. ఉభాలకు కూలీలను, జాతరకు పిల్లలను ట్రాలీలో తీసుకెళ్లి ఎన్ని ఇళ్లు ఏడ్చాయో మన పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

ఈ మూడూ ఉంటే మనం ఊహించుకున్న నాలుగెకరాలు నడుస్తాయి. ఇక మిగిలినవి దాదాపు అన్నీ అద్దెకు తెచ్చుకోవలసినవే.

గుంటలు తీసే పరికరం, అంటే ఆగరు, చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. మళ్లీ తోట వేసుకోవాలనుకున్న ప్రతి ఇంటికీ గుంటలు తీసే పని పడింది. ఎకరానికి ఎన్ని గుంటలు? కొబ్బరి 8 మీటర్ల దూరంలో వేస్తే 63. మామిడి 10 మీటర్ల దూరంలో వేస్తే 40. ఒకటి రెండు రోజుల పని. ఒకసారి తీశాక మళ్లీ ఆ పరికరం ఏళ్ల తరబడి శాలలో తుప్పు పట్టడమే. అద్దెకు తెచ్చి తీయించుకోండి, లేదా నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. ఒక జాగ్రత్త చెప్పాలి. తడి బంకమట్టిలో ఆగరు తిరిగితే గుంట గోడలు గచ్చు చేసినట్టు నున్నగా బిగుస్తాయి. లేత వేరు ఆ గోడ దాటలేదు, నీరు బయటికి ఇంకదు. గునపంతో నాలుగు పక్కలా గోడను గీరి, చెక్కి ఆ తరవాతే మొక్క పెట్టండి. కొబ్బరికి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంట సిఫారసు చేస్తారు. ఆగరు తీసేది అంత వెడల్పు ఉండదు కాబట్టి మిగిలింది పారతో పూర్తిచేయాలి.

ఇంటర్నెట్‌లో అమెరికా వీడియోలు చూసి బండి ముందు బకెట్ లోడరు బిగించుకోవాలని కొందరు కుర్రాళ్లు ఉత్సాహపడుతున్నారు. అక్కడ చిన్న ట్రాక్టరు కొన్నవాళ్లకు లోడరే మొదటి పరికరం. మంచు ఎత్తాలి, కంకర పరవాలి, గడ్డి మోపులు లేపాలి, కూలీ దొరకదు. మన దగ్గర పునాది తవ్వడానికో, చెరువు మట్టి తోలడానికో జేసీబీ గంట లెక్కన ఊళ్లోనే దొరుకుతుంది. లోడరు డబ్బుతో ఆ పని ఎన్నిసార్లో చేయించుకోవచ్చు. మనకు పాఠం జపాన్ నుంచి దొరుకుతుంది. చిన్న వరి మడులు, చిన్న బండి, వెనక రోటరీ. వాళ్ల మడీ మన మడీ ఒకలాంటివే.

లేజరు లెవెలరుకు 50 హార్స్‌పవర్ బండి కావాలి, మినీ ట్రాక్టరు పని కాదు. అద్దెకు ఒక్కసారి చదును చేయించుకుంటే నీరు మడంతా సమానంగా పారుతుంది, ఎరువు ఒక మూలకు చేరదు. ఆ ఖర్చుకు వెనకాడొద్దు. వరి కోత యంత్రం, నూర్పు యంత్రం కూడా అద్దెకే.

అంతరకృషి పరికరాలు కొనేముందు మాత్రం వరసల మధ్య దూరం కొలవండి. మొక్కజొన్న 60 సెంటీమీటర్ల వరసల్లో వేస్తాం. చాలా మినీ ట్రాక్టర్ల వెడల్పు అంతకంటే ఎక్కువ. బండి వరసల్లోకే వెళ్లనప్పుడు కలుపు తీసే గొర్రుల సెట్టు ఎందుకు? అక్కడ చేతితో నడిపే పవర్ వీడరు మేలు. చెరకును నాలుగయిదు అడుగుల వరసల్లో నాటితే మినీ ట్రాక్టరు హాయిగా తిరుగుతుంది. ఆ నిర్ణయం నాటకముందే తీసుకోవాలి.

సొంతమా, అద్దెకా అని తేల్చుకోవడానికి ఒక లెక్క చెబుతాను, కాగితం మీద వేసుకోండి. ఒక పరికరం లక్ష రూపాయలనుకుందాం. పదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి పదివేలు తరుగు. వడ్డీ, రిపేరు కలిపి ఇంకో అయిదువేలు. ఏడాదికి 50 గంటలు వాడితే గంటకు 300 రూపాయలు పడుతుంది. పది గంటలే వాడితే గంటకు 1,500. మన ఊళ్లో అద్దె ఎంతో మీకు తెలుసు, పక్కపక్కన పెట్టి చూడండి. దమ్ముకు మాత్రం ఈ లెక్క ఒక్కటే చాలదు. వారం ఆలస్యమైతే పోయే ధాన్యం ఖరీదు కూడా అందులో కలపాలి.

పరికరం బండికి అతుకుతుందా లేదా అన్నది షోరూములోనే తేల్చుకోవాలి. వెనకుండే మూడు లింకుల్లో కిందివి రెండు, పైది ఒకటి. చిన్న ట్రాక్టర్లకు వచ్చే కేటగిరీ ఒకటి రకంలో కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పైది 19. పెద్ద ట్రాక్టర్ల రకంలో అవి 28, 25. బాగా చిన్న బండ్లలో పిన్ను అదే ఉన్నా రెండు కింది లింకుల మధ్య దూరం తక్కువ. పెద్ద బండికి చేసిన కల్టివేటరు చవకగా వచ్చిందని తెచ్చుకుంటే వెల్డింగు షాపు చుట్టూ తిరగాల్సి వస్తుంది. లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుందో కూడా అడగండి. 24 హార్స్‌పవర్ బండ్లలో 750 కిలోలన్న మాట తరచు వింటాం. అది లింకుల కొస దగ్గర లెక్క. పరికరం వెనక్కి పొడుగ్గా ఉన్న కొద్దీ ఎత్తే శక్తి తగ్గుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, డెమో షోరూము ముందు సిమెంటు నేల మీద వద్దు. మీ మడిలో, మీ బురదలో, మీ గట్టు దాటించి చూపించమనండి.

పాత రోటవేటరు కొనేవాళ్లు ఉంటారు, తప్పులేదు. బండి ఆపి, పి.టి.ఓ. విప్పి, రోటవేటరును ఎత్తి కింద గట్టి దిమ్మలు పెట్టండి. బ్లేడ్లున్న ఇరుసును రెండు చేతులా పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. కొసన టకటకమని ఆడితే బేరింగు పోయినట్టు. ఆ కొసల దగ్గర నూనె, మట్టి కలిసి నల్లటి ముద్దలా పట్టి ఉంటే సీలు తెగి బురదనీరు లోపలికి పోతోందని అర్థం. గేరుబాక్సు మూత విప్పి వేలితో నూనె తీసి చూడండి. పాలలా తెల్లబడి ఉంటే నీరు కలిసింది. కొత్తగా రంగు వేసిన పరికరాన్ని మరింత జాగ్రత్తగా చూడండి.

సబ్సిడీ గురించి అడుగుతారు. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ మార్గదర్శకాల్లో సన్నకారు, చిన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు ధరలో సగం వరకు, మిగిలినవారికి 40 శాతం వరకు, నిర్ణయించిన పరిమితికి లోబడి సాయం ఉంది. ఏ ఏడాది ఏ పరికరానికి నిధులున్నాయో మీ రైతు సేవా కేంద్రంలో ముందుగా కనుక్కోండి. కొన్నాక అడిగితే లాభం ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు, వ్యవసాయ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీ కొటేషన్‌లో 5 శాతమే వేశారో లేదో చూసుకోండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో పరికరాలను పరీక్షించి, రైతులకు శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. కొనబోయే పరికరానికి పరీక్ష నివేదిక ఉందా అని డీలరును అడగడం మీ హక్కు. సలహాకు ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలు మనకు దగ్గరలోనే ఉన్నాయి, వెళ్లి అడగండి.

చివరిగా ఒక్క మాట, దీన్ని ఇంట్లో అందరూ వినాలి. పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. తువ్వాలు కొస, లుంగీ అంచు, చీర చెంగు అందులో చిక్కుకుంటే చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. అందుకే షాఫ్టు మీద ప్లాస్టిక్ గొట్టంలా ఒక తొడుగు వస్తుంది. గ్రీజు పెట్టడానికి అడ్డమని దాన్ని మొదటి వారంలోనే పీకేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. బ్లేడుకు చుట్టుకున్న గడ్డి తీయాలన్నా, బోల్టు బిగించాలన్నా ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని దిగండి. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టుకుని దమ్ము చేయకండి. ఆ తొడుగు లేకుండా ఇచ్చే పరికరాన్ని, ఎంత చవకగా వచ్చినా సరే, ఇంటికి తేకండి.